చప్పుడు తెలిశాకే తవ్వాలి: మెటల్ డిటెక్టర్ ఎంపిక నుంచి నాణెం చేతికొచ్చేదాకా

ఇంగ్లండ్‌లో ఆదివారాలు నేను పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతానని తెలిసిన దగ్గర్నుంచి, ఊళ్ళో మా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట ఒకటే: "ఏం బావా, లంకెబిందెలు తగిలాయా?" తగల్లేదు. మొదటి మూడు నెలల్లో నాకు తగిలినవి తూటాల ఇత్తడి అడుగులు, గుండీలు, సీసం ముద్దలు, ట్రాక్టర్ నట్లు, లెక్కలేనన్ని కూల్‌డ్రింక్ డబ్బా తునకలు. ఈ తునకలకు ఇక్కడి డిటెక్టరిస్టులు ఒక ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, కాన్‌స్లా అని. పొలంలో పడేసిన డబ్బాని కోతమిషన్ క్యాబేజీ తురుములా తురిమేస్తుంది కాబట్టి ఆ పేరు.

ఇది చదివి కూడా ఉత్సాహం చావకపోతే మిగతాది చదవండి. రాసేది ఎక్కువగా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. ఇక్కడ ఈ వ్యాపకానికి చట్టం ఉంది, పద్ధతి ఉంది, దొరికినదాన్ని నమోదు చేసే ఏర్పాటూ ఉంది. మన దగ్గర పరిస్థితి వేరు, అది చివర్లో చెబుతాను.

ముందు పొలం, తర్వాత మిషన్

అందరూ చేసే పొరపాటు ముందు డిటెక్టర్ కొని, తర్వాత ఎక్కడ తిప్పాలా అని ఆలోచించడం. మిషన్ ఒక్కరోజులో ఇంటికొస్తుంది. నేల దొరకడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ఇంగ్లండ్‌లో ప్రతి అంగుళానికీ ఒక యజమాని ఉంటాడు. పార్కు అయినా, ఊరి ఉమ్మడి మైదానమైనా, కాలిబాట పక్కన గట్టయినా, యజమాని ఒప్పుకోకుండా డిటెక్టర్ తిప్పకూడదు. ఈ ఒప్పుదలనే ఇక్కడ 'పర్మిషన్' అంటారు. "నాకు రెండు పర్మిషన్లున్నాయి" అంటే రెండు పొలాల్లో తిరిగే వీలుందని అర్థం. రైతును అడగడానికి కోతల సీజన్లో వెళ్ళకండి, ఆయనకు తిండి తినే తీరికుండదు. వర్షం పడుతున్న మధ్యాహ్నం మంచిది. పేరు, ఫోన్ నంబరు, ఏ ఊరి వాళ్ళో రాసిన కాగితం చేతికివ్వండి. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో సభ్యత్వం తీసుకుంటే దానితోపాటు బాధ్యతా బీమా వస్తుంది. ఆ కార్డు చూపిస్తే సగం రైతులు మెత్తబడతారు. నలుగురు కాదన్నారు, ఐదో ఆయన "గేటు తీసింది తీసినట్టు వదిలేయవు కదా?" అని ఒక్క ప్రశ్న వేసి సరేనన్నాడు. దొరికిన వాటిలో ఎవరి వాటా ఎంతో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. ఏమీ దొరకనప్పుడు రాసుకోవడం తేలిక. దొరికాక సంబంధాలు చెడతాయి.

పొలం ఇంకా దొరకనివాళ్ళు స్థానిక క్లబ్బులో చేరవచ్చు. వాళ్ళు కొన్ని ఆదివారాలు రైతుతో మాట్లాడి అందరికీ కలిపి పొలం తీసుకుంటారు. కొత్తవాళ్ళకు ఇదే మంచి బడి. ఒక రోజు పక్కవాళ్ళ మిషన్ల చప్పుళ్ళు వింటే నెలరోజుల వీడియోలంత నేర్చుకుంటారు.

అనుమతి ఉన్నా తిప్పకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వం షెడ్యూల్డ్ మాన్యుమెంట్‌గా, అంటే చట్టరక్షణ ఉన్న పురాతన స్థలంగా, ప్రకటించిన చోట, అధికారుల లిఖితపూర్వక సమ్మతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 నాటి చట్టం ప్రకారం నేరం. రైతు పొలంలో సగం అలాంటి స్థలం కావచ్చు, ఆ సంగతి రైతుకే తెలియకపోవచ్చు. పురాతన స్థలాల బాధ్యత చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ పటంలో ముందే చూసుకోండి. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బురదలో వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ కావాలి. స్కాట్లాండ్‌లో దొరికిన పాత వస్తువులన్నీ రాజ్యానికే చెందుతాయి. ఐర్లండ్‌లోనైతే పురావస్తువుల కోసం డిటెక్టర్ తిప్పడమే లైసెన్సు లేకుండా నేరం, కాబట్టి డబ్లిన్‌లో ఉన్న మన పిల్లలు ఈ వ్యాసాన్ని సరదాకి మాత్రమే చదువుకోవాలి.

మిషన్ లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే కొట్టువాడు ఏది చెబితే అది కొంటారు.

కర్ర చివర పళ్ళెంలా ఉండేది కాయిల్. అందులో రెండు తీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలోకి సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పంపుతారు. దానివల్ల నేలలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడులుగా తిరిగే చిన్న కరెంట్లు, పుడతాయి. అవి తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో చుట్ట దాన్ని పసిగడుతుంది. తిరిగొచ్చిన సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, అది ఇనుమా, రేకా, వెండా అని మిషన్ ఒక అంచనా వేసి అంకె చూపిస్తుంది. అంచనా అన్న మాటను గుర్తుపెట్టుకోండి.

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లో ఇదే సూత్రంతో ఒక పరికరం చేశాడు. అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో కనిపెట్టడం కోసం. దొరకలేదు. అధ్యక్షుడు పడుకున్న పరుపులో ఇనుప స్ప్రింగులుండి చప్పుడంతా గందరగోళమైంది. పైగా తూటా కుడివైపే ఉందని మొండిపట్టు పట్టిన డాక్టరు అటువైపే వెతకనిచ్చాడు, అది ఎడమవైపు ఉంది. 140 ఏళ్ళ తర్వాత కూడా మనం ఓడిపోయేది ఈ రెండు కారణాలతోనే: చుట్టూ ఇనుము, వెతికే చోటు తప్పు.

లోతు గురించి అందరూ అడుగుతారు. మామూలు డిటెక్టర్ రూపాయంత నాణేన్ని మంచి నేలలో 20, 25 సెంటీమీటర్ల దాకా పట్టుకుంటుంది. అంటే ఒక జానెడు. ఎందుకింత తక్కువ అంటే, కాయిల్ సైజుతో పోలిస్తే దూరంగా ఉన్న చిన్న వస్తువు విషయంలో దూరం రెట్టింపైతే తిరిగొచ్చే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. పోయేటప్పుడు 8వ వంతు, వచ్చేటప్పుడు 8వ వంతు. ఈ లెక్కను ఏ కంపెనీ ప్రకటనా మార్చజాలదు. బిందెంత పెద్ద వస్తువైతే ఇంకొంత లోతులో తెలుస్తుంది, అంతే.

ఎంపిక

డిటెక్టర్లు ముఖ్యంగా రెండు జాతులు. వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం, అంటే పైన చెప్పినట్టు దిశ మారే కరెంటును ఆపకుండా పంపేది, లోహాల మధ్య తేడా చెప్పగలదు, పొలానికి అదే సరైనది. కరెంటును ఆపి ఆపి చిన్న దెబ్బలుగా పంపే పల్స్ ఇండక్షన్ రకం ఉప్పు ఇసుకలో, ఇనుపఖనిజం ఎక్కువున్న నేలలో లోతుగా వెళుతుంది. ఆస్ట్రేలియాలో బంగారు ముద్దలు వెతికేవాళ్ళు దాన్నే వాడతారు. కానీ అది లోహాల తేడా సరిగ్గా చెప్పదు కాబట్టి ప్రతి మేకునూ తవ్వాలి. మొదటి మిషన్‌గా అది వద్దు.

కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అదే ఫ్రీక్వెన్సీ. వీఎల్ఎఫ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసేవి ఉన్నాయి, ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపేవి ఉన్నాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే 5 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండేది, పెద్ద వెండి, రాగి వస్తువులకు బాగుంటుంది. 20కి పైన వెళితే సన్నని బంగారం, చిన్న ముక్కలు బాగా తెలుస్తాయి. రెండూ ఒకదానిలో కావాలంటే మల్టీ ఫ్రీక్వెన్సీ. తడి సముద్రపు ఇసుకలో తిరగాలన్నా అదే కావాలి, ఎందుకంటే ఉప్పునీరు కూడా కరెంటును పారనిస్తుంది, ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ అక్కడ ఊరికే అరుస్తుంది.

బ్రిటన్‌లో 200 నుంచి 300 పౌండ్ల మధ్య మంచి మొదటి మిషన్లు దొరుకుతాయి. మైన్‌ల్యాబ్ వాళ్ళ వాంక్విష్, టర్కీ కంపెనీ నోక్టా చేసే సింప్లెక్స్, గ్యారెట్ ఏస్ శ్రేణి ఈ తరగతివి. ఆ పైన నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ వస్తాయి. ఇంకా పైన ఫ్రెంచ్ కంపెనీ ఎక్స్‌పీ చేసే డ్యూస్ 2. నా సలహా మొదటి ఏడాది చవక తరగతిలోనే ఉండండి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఆంగ్లో శాక్సన్ కాలపు దాదాపు 4 కిలోల బంగారం బయటపెట్టిన టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది 14 ఏళ్ళ పాత డిటెక్టర్. ఆ నిధి విలువ 32 లక్షల 85 వేల పౌండ్లుగా తేల్చి, ఆ సొమ్మును ఆయనకూ పొలం యజమానికీ పంచారు. ఖరీదైన మిషన్ ఉన్న వేలమంది ఆ పొలంలోకి వెళ్ళలేదు, ఆయన వెళ్ళాడు.

మిషన్ మీద ఆదా చేసిన డబ్బులో కొంత పిన్‌పాయింటర్ మీద పెట్టండి. గాజర గడ్డంత ఉండే చేతి డిటెక్టర్ అది. తవ్విన గుంటలో వస్తువు ఏ గోడలో ఉందో చూపిస్తుంది. అది లేకుండా మట్టిని పిడికిలి పిడికిలిగా కాయిల్ ముందు ఊపుతూ కూర్చుంటే అరగంటకు ఒక గుండీ. తర్వాత గట్టి పార, అంచుకు పళ్ళున్న చేతి తవ్వుగోల, హెడ్‌ఫోన్లు, చెత్తకు ఒక సంచి, దొరికినవాటికి ఇంకో చిన్న డబ్బా. హెడ్‌ఫోన్లు అలంకారం కాదు. లోతున ఉన్న నాణెం చప్పుడు గాలి హోరులో స్పీకర్ నుంచి వినబడదు.

కాయిల్ సంగతి. ఇప్పుడు చాలావాటికి డబుల్ డి రకం (లోపలి రెండు చుట్టలూ ఇంగ్లీషు D అక్షరాల్లా ఉంటాయి), 11 అంగుళాల చుట్టూ సైజు వస్తుంది. అది చాలు. ఇనుము చిందరవందరగా ఉన్న పాత ఇళ్ళ స్థలంలో 6 అంగుళాలది మంచిది, రెండు మేకుల మధ్య ఇరుక్కున్న నాణేన్ని విడదీసి చూపిస్తుంది. 15 అంగుళాలది కొంచెం లోతు ఇస్తుంది గానీ గంట తిప్పితే భుజం లాగేస్తుంది.

కొనకూడనివి

"కిలోమీటరు దూరం నుంచి బంగారం దిక్కు చూపుతుంది", "10 మీటర్ల లోతు", "ముందు లోహం పేరు ఎంచుకోండి" అని చెప్పే యాంటెన్నా పరికరాలు ఉన్నాయి చూశారా, పైన చెప్పిన 64వ వంతు లెక్క చాలు వాటిని కొట్టిపారేయడానికి. లాంగ్ రేంజ్ లొకేటర్ అన్నా, గోల్డ్ స్కానర్ అన్నా, లోపల తాయెత్తు తప్ప ఏమీ ఉండదు. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మలాంటి పరికరాన్ని ఆధారం చేసుకుని ఏడీఈ 651 అని ఒక నకిలీ 'బాంబు డిటెక్టర్' తయారైంది. ఇరాక్‌కు వాటిని కోట్లకు అమ్మిన బ్రిటిష్ వ్యాపారికి 2013లో లండన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. ప్రభుత్వాలే మోసపోయాయి, మనమెంత. మన రాష్ట్రాల్లో రైస్ పుల్లర్ చెంబుల కథ తెలిసినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇంటి పెరట్లో మొదటి వారం

మిషన్ రాగానే పొలానికి పరుగెత్తకండి. పెరట్లో ఒక మూల మిషన్‌తో శుభ్రం చేసి, అడుగు దూరంలో ఒక్కొక్కటి పాతండి: ఒక ఇనుప మేకు, డబ్బా మూత లాగే రింగు, చాక్లెట్ రేకు, ఒక నాణెం, పాత వెండి మెట్టె ఉంటే అది. 5 సెంటీమీటర్ల లోతున ఒక వరుస, 15 సెంటీమీటర్ల లోతున ఇంకో వరుస. పక్కన పుల్లలు గుచ్చి, ఏది ఎక్కడో రాసుకోండి. వారంపాటు రోజూ పది నిమిషాలు తిప్పండి, తెర చూడకుండా.

అప్పుడు తెలుస్తుంది అసలు చిక్కు. బంగారపు ఉంగరానికి, అల్యూమినియం రింగుకు అంకె దాదాపు ఒక్కటే వస్తుంది. రేకుకు, సన్నని బంగారానికి కూడా అంతే. ఇనుము అడుగున, తర్వాత రేకు, బంగారం, పైన రాగి, వెండి అన్నది మెట్ల వరుస. కానీ లావుపాటి తుప్పు ఇనుము ఒక్కోసారి ఎగబాకి వెండి మెట్టు మీద కూర్చుని మనల్ని వెక్కిరిస్తుంది. నేను మొదటి నెలలో చెవులు మోగిపోయే వెండి చప్పుడు విని రెండడుగుల గొయ్యి తవ్వాను. బయటికొచ్చింది నాగలి కర్రు. రైతు దూరం నుంచి చూసి చెయ్యి ఊపాడు, అది ఆయన తాతదట.

సెట్టింగుల్లో మూడు చాలు మొదట. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే నేలలో ఉన్న ఖనిజాల సొంత చప్పుడును మిషన్‌కు అలవాటు చేయడం. లోహం లేని చోట చూసుకుని కాయిల్‌ను నేల మీదకు దించుతూ ఎత్తుతూ చప్పుడు సద్దుమణిగేదాకా ఉంచాలి. చాలావాటికి దీనికి ఒక బటన్ ఉంటుంది. సెన్సిటివిటీ ఎంత పెంచితే అంత లోతు అనుకుంటారు, కాదు. మిషన్ ఊరికే గొణగడం మొదలుపెట్టగానే రెండు మెట్లు తగ్గించండి. మూడోది డిస్క్రిమినేషన్, అంటే ఏ లోహాల చప్పుడు వద్దో చెప్పడం. ఇనుము మాత్రమే కొంత తగ్గించి మిగతావన్నీ వినండి. రేకు చప్పుడును కోసేస్తే బంగారం చప్పుడు కూడా దానితోపాటే పోతుంది.

తిప్పడం, వినడం

కాయిల్‌ను నేలకు వేలు మందం ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉంచాలి. చీపురుతో వాకిలి ఊడ్చేటప్పుడు చివర్లో చీపురు పైకి లేస్తుంది చూశారా, అలా లేవకూడదు. లేచిన ప్రతిసారీ రెండు వైపులా లోతు పోతుంది. ఎడమ నుంచి కుడికి రెండు, మూడు సెకన్లు. ఒక ఊపు మీద తర్వాతి ఊపు సగం కాయిల్ మేర పడాలి. కొత్తవాళ్ళందరూ వేగంగా నడుస్తారు, పొలమంతా చూసేయాలన్న ఆత్రం. మడికి నీళ్ళు పెట్టినట్టు నిదానంగా, వరుసగా సాగాలి.

చప్పుడు రాగానే తవ్వకండి. పక్కకు తిరిగి 90 డిగ్రీల కోణంలో మళ్ళీ ఊపండి. రెండు దిక్కుల నుంచీ ఒకేలా, గుండ్రంగా, మొదలూ చివరా తెగినట్టు స్పష్టంగా వస్తే అది తవ్వదగ్గ చప్పుడు. ఒకవైపు వచ్చి, రెండోవైపు విరిగిపోతే ఎక్కువసార్లు ఇనుము. 'ఎక్కువసార్లు' అన్నాను, ఎప్పుడూ అనలేదు.

ఒక నవంబర్ ఆదివారం. దున్ని విత్తు వేయబోయే చేను, మట్టి తడిసి కాయిల్‌కు అతుక్కుంటోంది. హెడ్‌ఫోన్లో గింజ రాలినంత చప్పుడు. అంకె 9, 12, 10 మధ్య ఊగుతోంది. కాన్‌స్లాయే అనుకుని రెండడుగులు ముందుకు వేశాను. మళ్ళీ ఎందుకో వెనక్కి వచ్చి అడ్డంగా ఊపాను. అదే చప్పుడు, అంతే చిన్నగా, అంతే శుభ్రంగా. నాలుగు వేళ్ళ లోతులో, పిన్‌పాయింటర్ గుంట గోడకు తగిలి గుర్రుమంది. మట్టి బెడ్డను విరిస్తే లోపల గోరంత వెండి ముక్క. కిళ్ళీ మడతలా త్రికోణం, రెండు అంచులు కత్తెరేసినట్టు తిన్నగా, మూడో అంచు గుండ్రం. ఒకవైపు మూడు చుక్కలు.

13వ శతాబ్దం నాటి ఇంగ్లండ్ వెండి పెన్నీ బరువు గ్రామున్నర కంటే తక్కువే. 1247 నుంచి దాని వెనకవైపు అంచుల దాకా సాగే పొడుగు శిలువ గుర్తు ముద్రించారు, శిలువ నాలుగు గదుల్లో మూడేసి చుక్కలు. చిల్లర కావాలంటే ఆ గీత వెంట కత్తిరించి సగం చేసేవారు, పావు చేసేవారు. ఆ పావునే ఫార్దింగ్ అన్నారు, నాలుగో వంతు అని ఆ మాటకు అర్థం. మన పావలా లాంటిదే. ఎవరో 700 ఏళ్ళ కిందట ఆ చేలో పావలా పోగొట్టుకుని సాయంత్రమంతా తిట్టుకుని ఉంటారు. ఇలా చేత్తో కొట్టిన నాణేలను ఇక్కడ 'హ్యామర్డ్' అంటారు, మొదటి హ్యామర్డ్ దొరికిన రోజు ప్రతివాడికీ గుర్తుంటుంది. రేకు అంకెలను కోసేసి ఉంటే ఆ రోజు నాకేమీ వినబడేది కాదు.

తవ్వకం

గడ్డి నేలలో గుర్రపునాడాలా మూడు వైపులా కోసి, నాలుగో వైపు తెగకుండా మూతలా వెనక్కి తిప్పాలి. దీన్ని ప్లగ్ అంటారు. వేర్లు తెగవు, మళ్ళీ మూసి తొక్కితే రెండు వారాల్లో గుర్తు కూడా ఉండదు. తీసిన మట్టిని ఒక గుడ్డ మీద పోసుకోండి. చప్పుడు వచ్చిన చోటుకు సరిగ్గా మధ్యలో పార దించకండి, ఒక జానెడు పక్కన దించండి. నాణెం అంచున పార తగిలిన గీత జన్మలో పోదు.

వస్తువు తీశాక గుంటను మళ్ళీ చూడండి, ఒకదాని కింద ఇంకొకటి ఉండటం మామూలే. తర్వాత గుంట పూడ్చండి. దొరికిన చెత్త లోహాన్నంతా సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. రైతు మళ్ళీ రానిచ్చేది మీ నాణేలు చూసి కాదు, పూడ్చిన గుంటలు చూసి.

దున్నే లోతు దాటి, అంటే సుమారు అడుగు కిందికి, కదలని నేలలో చప్పుడు వస్తే ఆగండి. అక్కడ వస్తువు ఎవరు పాతిపెట్టారో అలాగే ఉండి ఉండవచ్చు. ఒకే చోట నాణేలు వరుసగా వస్తున్నా ఆగండి. ఇంకో రకంగానూ ఆగాల్సి వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి పేలని గుండ్లు ఈ దేశపు పొలాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. గుండు ఆకారంలో, రెక్కలతో, బరువుగా ఏది కనబడినా ముట్టుకోకుండా దూరం జరిగి 999కి ఫోన్ చేయండి.

దొరికిన తర్వాత

మట్టిని నీళ్ళతో మెత్తగా కడగండి, అదీ గట్టి వెండి, బంగారమైతేనే. రాగి, కంచు నాణేలను తడపకుండా ఆరనివ్వండి. చింతపండు, నిమ్మకాయ, బ్రష్, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. ఇంట్లో రాగి చెంబు తోమే చేతికి ఇది కష్టమే, కానీ ఆ పచ్చని పొర మీదే అక్షరాలుంటాయి, పొరతోపాటు అవీ పోతాయి.

ప్రతి వస్తువు ఎక్కడ దొరికిందో ఫోన్లో జీపీఎస్ అంకెలు రాసుకోండి. ప్రతి ప్రాంతానికీ ఫైండ్స్ లియేజన్ ఆఫీసర్ ఉంటారు. వాళ్ళకు చూపిస్తే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేసి వస్తువు తిరిగి ఇస్తారు. 1997లో మొదలైన ఆ జాబితాలో ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులున్నాయి. నా పావు పెన్నీ కూడా వాటిలో ఒకటి.

నిధి అని చట్టం దేన్ని అంటుందో తెలిసి ఉండాలి. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్ళు దాటి, బరువులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉన్న ఆభరణం వంటి వస్తువు నిధి. నాణెం ఒక్కటే దొరికితే మామూలుగా కాదు. ఒకే చోట రెండు వెండి లేదా బంగారు నాణేలు దొరికితే అవుతుంది. 2023 జులై నుంచి, 200 ఏళ్ళు దాటి చారిత్రకంగా చాలా ముఖ్యమైనవి ఏ లోహానివైనా దీని కిందికి వచ్చాయి. ఇలాంటిది దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కు, అంటే అసహజ మరణాలనూ దొరికిన నిధులనూ విచారించే అధికారికి, తెలియజేయాలి. మ్యూజియం తీసుకుంటే విలువ కట్టి, సాధారణంగా చెరిసగం మీకూ భూయజమానికీ ఇస్తారు.

ఆగి కబురు పెట్టడం ఎందుకో 1992 నవంబర్ 16న సఫోక్‌లోని హాక్స్న్ గ్రామంలో జరిగింది చెబుతుంది. ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. స్నేహితుడు, రిటైరైన తోటమాలి ఎరిక్ లాస్‌ను డిటెక్టర్ తెచ్చి వెతికిపెట్టమన్నాడు. వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడటం మొదలయ్యాయి. లాస్ కొన్ని తీసి, అక్కడితో ఆపి అధికారులకు చెప్పాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్ళు వచ్చి తీస్తే, ఏ వస్తువు పెట్టెలో ఏ మూల సర్ది పాతారో కూడా తెలిసింది. 15 వేలకు పైగా రోమన్ నాణేలు, విలువ 17 లక్షల 50 వేల పౌండ్లు. తనకు వచ్చిన సొమ్ము లాస్ రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దీనికి పూర్తిగా రెండో వైపు, 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో వైకింగ్ కాలపు నిధి తవ్వి చెప్పకుండా అమ్ముకున్న ఇద్దరు. దాదాపు 300 నాణేలని అంచనా, విచారణ నాటికి చేతికొచ్చినవి 31. 2019లో ఇద్దరికీ ఏళ్ళ తరబడి జైలు పడింది. చెప్పి ఉంటే చట్టబద్ధంగానే లక్షల పౌండ్లు వచ్చేవి.

మన దగ్గర

ఇక బామ్మర్ది ప్రశ్నకు జవాబు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం మన దేశంలో ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన, పది రూపాయల విలువ దాటిన ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. సొంత పొలమైనా సరే. దాస్తే ఏడాది దాకా జైలు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. పాత గుడి, కోట, బురుజు జోలికి డిటెక్టర్‌తో వెళ్ళడం అంటే నైట్‌హాక్ పని. చీకట్లో దొంగతనంగా తవ్వేవాళ్ళను ఇంగ్లండ్ డిటెక్టరిస్టులు పిలిచే పేరు అది, వాళ్ళలో అంతకు మించిన తిట్టు లేదు. గుప్తనిధుల కోసం గర్భగుడిలో విగ్రహం పెకలించినవాళ్ళ వార్తలు మనకు కొత్త కాదు. చట్టబద్ధంగా తవ్వినా లంకెబిందెలు ఊరికే రావు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేరాలో ఒక సాధువు కల ఆధారంగా వెయ్యి టన్నుల బంగారం కోసం పురావస్తు శాఖే తవ్వింది. 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే తవ్వారు. రెండు చోట్లా బంగారం లేదు.

ఇంకో మాట. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం తిరిగేవాళ్ళు కొందరు డిటెక్టర్ గురించి అడుగుతున్నారు. వజ్రం కర్బనం, లోహం కాదు. ఎంత ఖరీదైన మిషన్ అయినా దాని మీదుగా మౌనంగా వెళ్ళిపోతుంది. అక్కడ కళ్ళే దిక్కు.

అయితే మన దగ్గర డిటెక్టర్ నిజంగా పనికొచ్చే పని ఒకటుంది, పోయిన నగ వెతకడం. నాట్లలో జారిన చెవిదుద్దు, కళ్ళంలో పడిన ఉంగరం. ముందు చేయాల్సింది ఎవరినీ ఆ చోట తొక్కనివ్వకపోవడం, ఊడ్వనివ్వకపోవడం. రెండు తాళ్ళు కట్టి మీటరు వెడల్పు బాటలు చేసి, ఒక్కో బాట ముగించి ఇంకోదానికి వెళ్ళండి. తెలంగాణ నల్లరాతి నేల, రాయలసీమ ఎర్రనేల, భీమిలి వైపు బీచిలో నల్ల ఇసుక ఇనుపఖనిజంతో మిషన్‌ను కలవరపెడతాయి, కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ తరచూ చేసి సెన్సిటివిటీ తగ్గించుకోండి. వైజాగ్ బీచిలో డబ్బులేమన్నా దొరుకుతాయేమోనని తిప్పేవాళ్ళకు ఇంకో విచిత్రం. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇనుము వద్దని సెట్ చేస్తే అవి కూడా వినబడకపోవచ్చు.

పోయినసారి సెలవులకు వెళ్ళినప్పుడు మా బామ్మర్ది భార్య మంగళసూత్రం మల్లెతోటలో తెగి పడింది. ఇలాంటప్పుడు అందరూ గొలుసు చప్పుడు కోసం వెతుకుతారు. సన్నని గొలుసులో ఒక్కో లింకునూ మిషన్ విడిగా చూస్తుంది, అంత చిన్న లింకు మంచి మిషన్‌కు కూడా సరిగ్గా తగలదు. వినాల్సింది సూత్రాల బిళ్ళల కోసం, లేదా కొక్కెం కోసం. నాలుగో బాటలో, పాదులో పచ్చి ఆకుల కింద ఒక బిళ్ళ పలికింది. రెండోది అక్కడికి జానెడు దూరంలో. గొలుసు రెండింటి మధ్యా మట్టిలో పడి ఉంది, కాయిల్ దాని మీదుగా నాలుగుసార్లు వెళ్ళినా ఒక్కసారి కూడా పలకలేదు.